దాచిన రూపాయి

ధనమును దాచుకొనుట హిందూదేశ ప్రజల వ్యసనమని దొరల కాలమునాటి ఆర్థిక గ్రంథములు దాదాపు ఒక్క గొంతుతో పలికినవి. ప్రపంచమందలి బంగారము, వెండి ఈ దేశపు నేలలో ఇంకిపోవుచున్నవని, ఇక్కడి రైతు వాటిని పాతిపెట్టి తాను సుఖపడక లోకమును సుఖపడనీయడని ఆ గ్రంథకర్తలు తీర్పు చెప్పిరి. ఈ ఫిర్యాదు మిక్కిలి పాతది. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ప్లినీ అను రోమను పండితుడు హిందూదేశము ఏటేట అయిదుకోట్ల సెస్టెర్సుల ధనమును తమనుండి లాగుకొనుచున్నదని వాపోయెను. ఆ ధనములో కొంత తెలుగుదేశపు మట్టిలోనే బయటపడినది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమను వెండి నాణెముల రాశి దొరకినది. గుంటూరు సీమలోని వినుకొండలో బంగారు నాణెములు దొరకినవి.

అట్టి కుండ దొరకినప్పుడు పురావస్తు శాఖవారు సంతోషింతురు. అది సహజము. కాని ఆ కుండ మనకు చెప్పు మొదటి సంగతి యేమనగా, దానిని పాతినవాడు తిరిగి రాలేదని. గండము గడచిన పిమ్మట వచ్చి త్రవ్వుకొని, ఆ సొమ్ముతో ఎద్దులు కొని, కూతురి పెండ్లి చేసి, బ్రదికినవారి కుండలు ఏ వస్తుప్రదర్శనశాలకును చేరవు. అందుచేత దాచుకొన్నవారిలో ఓడిపోయినవారి సాక్ష్యమే చరిత్రకు మిగులును. గెలిచినవారు సాక్ష్యము విడువరు. దాచుకొనుట వట్టి మౌఢ్యమను అభిప్రాయము ప్రబలుటకు ఇదియు ఒక కారణమై యుండవచ్చును.

ఇరువదవ శతాబ్దిలోని రెండు మహాయుద్ధముల కాలమున ఈ దేశపు సామాన్యుడు రూపాయిని ఎట్లు దాచుకొనెనో, ప్రభుత్వము అతనిని ఏమనెనో, తరువాత ఆ భయమే బియ్యము మీదికి మరలినప్పుడు ఎవరు బ్రదికిరో ఎవరు చచ్చిరో విచారించుట ఈ వ్యాసము పని.

మొదట ఆ రూపాయి ఎట్టిదో చెప్పవలెను. నాటి వెండి రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు, అనగా 165 గ్రెయినులు, స్వచ్ఛమైన వెండి. అంగడిలో త్రాసునకు రూపాయియే పడికట్టు రాయి. ఎన్ని రూపాయల ఎత్తు అని సరుకు తూచెడివారు. ప్రభుత్వపు నోటు 1861వ సంవత్సరపు శాసనముతో వచ్చినది. తొలుత 10 రూపాయలకు తక్కువ నోటు లేదు; 5 రూపాయల నోటు 1871లో వెలువడెను. కూలి నాలి చేసికొనువాని చేతికి నోటు వచ్చు అవకాశమే తక్కువ. అతనికి డబ్బనగా మ్రోగునది, బరువు తూగునది, నిప్పులో పెట్టినను వెండిగా మిగులునది. నోటు ఒక మాట. రూపాయి ఒక వస్తువు. మాటకు విలువ పలికినవానిని బట్టి యుండును. ఈ భేదము పల్లెటూరివానికి చదువు లేకయే తెలిసియుండెను.

1914 ఆగస్టులో యూరపులో యుద్ధము మొదలుకాగానే పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకులనుండి జనము తమ సొమ్ము తీసికొనసాగిరి. ఆ తొలి భయము కొలదికాలములో చల్లారినది. అసలు చిక్కు రెండు మూడేండ్ల తరువాత వచ్చెను. యుద్ధమునకు కావలసిన గోనె, తోళ్లు, ధాన్యము, నూనెగింజలు ఈ దేశమునుండి పోవుచుండెను. వాటికి ఇక్కడ చెల్లింపవలసినవి రూపాయలు. రూపాయలు కొట్టుటకు వెండి కావలెను. వెండి ధర నానాటికి పెరుగుచుండెను. నాటి మారకపు లెక్క ప్రకారము లండనులో ఔన్సు వెండి 43 పెన్నీలు దాటినచో రూపాయిలోని వెండి ఖరీదు రూపాయి ముఖవిలువకంటె ఎక్కువగును. 1917లో అంతపనియు జరిగెను. నాణెములను కరగించుట ఆ యేడే నేరముగా శాసింపబడెను. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటును, మరుసటి జనవరిలో రెండున్నర రూపాయల నోటును ప్రభుత్వము విడుదల చేసెను.

కొత్త నోటును సంతలో పుచ్చుకొనువారు తక్కువ. పుచ్చుకొన్నవారును వట్టము పట్టుకొని పుచ్చుకొనిరి. 1918 మార్చిలో జర్మను సేనలు ఫ్రాన్సు రంగమున విరుచుకొనిపడిన వార్త వచ్చినంతనే జనము నోట్లు చేత పట్టుకొని కరెన్సీ ఆఫీసులకు వచ్చి వెండి ఇమ్మనిరి. బొంబాయిలో ఒత్తిడి మిక్కుటమయ్యెను. జూను నాటికి కరెన్సీ నిధిలో మిగిలిన వెండి రూపాయలు నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే. ఇంత పెద్ద దేశమునకు అవి ఎన్నాళ్లకు వచ్చును? ఆ గండమును గట్టెక్కించినది అమెరికా. 1918 ఏప్రిలులో అక్కడి కాంగ్రెసు పిట్‌మన్ శాసనమును చేసి, తమ ఖజానాలోని వెండి డాలర్లను కరగించి, 20 కోట్ల ఔన్సుల వెండిని హిందూదేశమునకు అమ్మెను. ఆ వెండి ఇక్కడి టంకశాలలలో రూపాయలై, నోటు తెచ్చినవానికి రూపాయి దొరకునన్న నమ్మకము నిలిచినది. నమ్మకము నిలిచిన పిమ్మట నోటు తెచ్చువారును తగ్గిరి.

ఈ వెండి కొరత మూలముననే నిజాము ప్రభుత్వమును 1918లో కాగితపు కరెన్సీ శాసనము చేసి తన సొంత నోట్లు వేసెను. హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా, దాని సరిహద్దు దాటిన బ్రిటిషు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కంపెనీ రూపాయలు మామూలు మారకము. కృష్ణ ఇవతలి రైతు అవతలి సంతకు ఎడ్లు తోలుకొనిపోయినప్పుడెల్ల ఈ లెక్క కట్టుకొనవలసియుండెను. డబ్బు విలువ దొరను బట్టి మారునను సత్యమును తెలుగువారిలో సగముమంది నిత్యమును చూచుచునే యుండిరి.

1918లో ప్రభుత్వము భయమునకు ప్రధానముగా వెండితో జవాబు చెప్పెనని దీనినిబట్టి గ్రహింపవలెను. ఇరువదిరెండేండ్ల తరువాత అదే భయము మరల వచ్చినప్పుడు జవాబు వేరు.

1940 జూనులో ఫ్రాన్సు కూలెను. బ్రిటను ఒంటరియయ్యెను. ఈ వార్త రేడియోలద్వారా, పత్రికలద్వారా, అంతకంటె వేగముగా రైలుపెట్టెలలోని మాటలద్వారా దేశమంతట ప్రాకెను. దొరతనమే నిలుచునో నిలువదో తెలియనప్పుడు ఆ దొరతనపు మాట వ్రాసిన కాగితము ఏమగును? జనము పోస్టాఫీసులనుండి సొమ్ము తీసిరి. నోట్లిచ్చి రూపాయలు తీసికొనిరి. తీసికొన్న రూపాయలు మరల బజారునకు రాలేదు. జూను ఆఖరు వారమున భారత రక్షణ నిబంధనలక్రింద ఒక ఉత్తరువు వెలువడెను. సొంత అవసరములకుగాని వ్యాపార అవసరములకుగాని మించి నాణెములు సేకరించుట దానివలన నేరమయ్యెను. జూలైలో మరల ఒక రూపాయి నోటు వచ్చెను. ఈ నోటుకు, 1917 నాటి నోటుకు ఒక ముఖ్యమైన భేదము కలదు. పాత నోటు వెండి రూపాయిని ఇత్తునను వాగ్దానము. 1940 నోటు తానే రూపాయి నాణెముతో సమానమని శాసనము చెప్పినది; దానిని తెచ్చి వెండి ఇమ్మని అడుగు హక్కు ఎవరికిని లేదు.

సొంత అవసరమునకు మించి! ఈ మాట వ్రాసిన అధికారికి అవసరమనగా నెల జీతము, నెల ఖర్చు. అయిదెకరముల మెట్ట రైతునకు అవసరమనగా వచ్చు సంవత్సరపు వాన. రెండేండ్లు కరవు వచ్చినచో తినుటకు, మూడవయేడు విత్తుటకు ఏమి కావలెనో అది అతని అవసరము. ఏ మేజిస్ట్రేటు ఏ త్రాసుతో దీనిని తూచగలడు? పెక్కుచోట్ల ఆ ఉత్తరువు బెదరింపుగనే పనిచేసినది. కాని ఆ ఉత్తరువుతో ఒక మాట అర్థము మారినది. నాటివరకు దాచుకొనుట పొదుపు. పోస్టాఫీసు గోడలమీద దానిని మెచ్చుకొనెడివారు. నాటినుండి దాచుకొనుట దేశద్రోహమునకు దగ్గరి చుట్టము. ఇల్లాలు పోపులపెట్టెలో దాచిన పదిరూపాయలకును, వ్యాపారి గోదాములో మూసిన పదివేల బస్తాలకును ఒకే పేరు వచ్చెను. రానున్న మూడేండ్లలో ఈ పేరు చేసిన చెరుపు సామాన్యము కాదు.

ఆ దాచుకొన్నవాని ఊహ తప్పా? చూతము. 1940 డిసెంబరునాటికి ప్రభుత్వమే రూపాయిలోని వెండిని పండ్రెండింట పదునొకండు పాళ్లనుండి సగమునకు తగ్గించెను. తక్కినది రాగి, నికెలు, జింకు. విక్టోరియా రాణి బొమ్మ గల పాత రూపాయలు 1941 మార్చి 31తో చెల్లుబాటును కోల్పోయెను. ఎడ్వర్డు రూపాయలు 1942లో, జార్జి రాజుల పాత వెండి రూపాయలు 1943లో ఆ దారినే పోయినవి. మంచి వెండిని లోపలికి లాగుకొని తక్కువ వెండిని, కాగితమును బయటికి వదలుట సర్కారు పని. మంచి వెండిని విడువకుండ ఉండుట ప్రజల పని. ఇద్దరును చేసినది ఒకటే. ఒకరిది విధానమని, మరియొకరిది భయమని పేర్లు పెట్టిరి. ఇక లెక్క చూడుడు: నూరు తులముల వెండి ధర 109 రూపాయలు దాటినచో పాత రూపాయిలోని లోహము రూపాయికంటె ఎక్కువ చేయును. యుద్ధము ముగియులోపల బొంబాయి బజారున వెండి ధర ఆ హద్దును దాటెను. విక్టోరియా రూపాయిని అప్పగింపక అటకమీద పెట్టిన ముసలమ్మ, చెల్లని నాణెము దాచుకొన్న వెఱ్ఱిదిగా ఎంచబడినను, నష్టపోలేదు.

1942వ సంవత్సరము మన తీరమునకు యుద్ధమును తెచ్చినది. ఫిబ్రవరి 15న సింగపూరు పడెను. మార్చి మొదటి పక్షమున రంగూను పడెను. రంగూను రేవులో, బియ్యపు మిల్లులలో కష్టపడినవారిలో తెలుగువారు వేలకొలది. ఉత్తర కోస్తాలో బర్మా సొమ్ముతో కట్టని పెంకుటిల్లు అరుదని పెద్దలు చెప్పుకొనెడివారు. 1941 డిసెంబరు 23న రంగూనుమీద బాంబులు పడినది మొదలు నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడలమీద కొందరు, అరకాను, మణిపురము, అస్సాము కొండదారులవెంట కాలినడకను ఎక్కువమంది బయలుదేరిరి. దారిలో కలరా, మలేరియా, ఆకలి వారిని కోసివేసినవి. వారి మొలలో ఉన్న నోట్లమీద, ఈ నోటు బర్మాలో మాత్రమే చెల్లునని ఇంగ్లీషున అచ్చువేసి యుండెను. వాటిని జారీ చేసినది మన రిజర్వు బ్యాంకే; కాని బర్మా వేరుపడిన పిమ్మట అక్కడికని ప్రత్యేకించి జారీ చేసినవి. వెనుక నిలిచిపోయినవారి చేతికి జపానువారు తమ సైనిక నోట్లు ఇచ్చిరి. 1945లో జపాను ఓడిన నాడు అవి చిత్తుకాగితములయ్యెను. నోటు ఒక మాట యని పైన చెప్పితిమి. పలికినవాడు లేచిపోయినచో ఆ మాట యేమగునో బర్మానుండి వచ్చిన ప్రతి కుటుంబమునకు తెలియును.

ఏప్రిలు 6న విశాఖపట్టణముమీద, కాకినాడమీద జపాను విమానములు బాంబులు వేసినవి. చచ్చినవారు కొద్దిమందియే. కాని తీరపు పట్టణములు ఖాళీయయ్యెను. వారములోపల మద్రాసు ప్రభుత్వము తన ఆఫీసులను లోనాడు ఊళ్లకు తరలింప నిశ్చయించెను. ప్రభుత్వమే కదలినప్పుడు ప్రజలను కదలవద్దనుట ఎట్లు? రైళ్లన్నియు క్రిక్కిరిసినవి. ఇల్లు విడిచిపోవువాడు నోటు కట్టలకంటె చిల్లరను వెదకుకొనును. బండివానికి అణాలు కావలెను; దారిలో మజ్జిగకు, అరటిపండునకు కానులు కావలెను; అయిదురూపాయల నోటుకు చిల్లర ఇచ్చువాడు రాత్రివేళ ఏ స్టేషనులో దొరకును? ఈ ఆలోచన ఒక్కరిది కాదు, దేశమంతటిది.

ఆ విధముగా వచ్చినది చిల్లర కరవు. ఇది పెద్ద పుస్తకములలో రెండు వాక్యములకు మించి చోటు సంపాదించుకొనలేదు. 1942, 1943లలో బ్రదికినవారికి మాత్రము ఇది మరువరానిది. అణా, అర్ధణా, కానీ అన్నియు మాయమైనవి. కారణములు పలువిధములు. ధరలు పెరిగి ఎక్కువ చిల్లర కావలసివచ్చెను. సైన్యముల జీతములు, రేవులలో విమానాశ్రయములలో కూలిజనముల జీతములు చిల్లరను మ్రింగినవి. రాగి ధర హెచ్చి కరగించువారు కరగించిరి. వీటన్నింటికిమించి, ప్రతి ఇంటను కొంత చిల్లర ఆగిపోయెను. 1941 జనాభా లెక్కప్రకారము ఈ దేశమున 38 కోట్ల పైచిలుకు జనము. ఇంటికి అయిదుగురు చొప్పున ఏడుకోట్లకు పైగా ఇండ్లు. ఇంటికి ఎనిమిదణాలు చిల్లర పక్కకు పెట్టినచో మూడున్నరకోట్ల రూపాయల చిల్లర బజారునుండి లేచిపోవును. ఎనిమిదణాలు దాచినవానిని దొంగ అనగలమా? ఎవరును తప్పు చేయకయే అందరికి కష్టము వచ్చు సందర్భములు లోకమున కలవు. ఇది అట్టిది.

దుకాణదారులు చిల్లరకు బదులు తపాలా బిళ్లలు ఇచ్చిరి. చెమటచేతులలో అవి ఒకదానికొకటి అంటుకొనిపోయెడివి. హోటళ్లవారు, కంపెనీలవారు తమ ముద్రవేసిన చీటీలు ఇచ్చిరి. ఆ చీటీ ఆ దుకాణములోనే చెల్లును. రాజపుత్రస్థానమున, కాఠియావాడున బికనీరు, బుంది, నవానగరు, మోర్వి మొదలగు సంస్థానములు అణాలకు, పైసలకు అట్టముక్కలవంటి కూపనులు అచ్చువేసినవి. ప్రభుత్వము 1942లో ఇత్తడి వన్నె అర్ధణాను, 1943లో నడుమ పెద్ద చిల్లు గల కానీని కొట్టించెను. చిల్లి గవ్వ అనగా దేనికిని కొఱగానిదని మన భాషలో పూర్వమునుండి నానుడి. ఇప్పుడు సర్కారువారే రాగి పొదుపునకై చిల్లు కానీ చేసి చేతబెట్టిరి. జనము నవ్వుకొనిరి, పుచ్చుకొనిరి.

నవ్వుకొనలేనివారు కూలివారు. వారి కష్టము ఎట్టిదనగా: మేస్త్రీ అయిదుగురికి కలిపి ఒక నోటు ఇచ్చును, మీరే మార్చుకొనుడనును. మార్చువాడు రూపాయికి అణా పట్టుకొనును. లేదా దుకాణదారు, చిల్లర లేదు గనుక మిగిలినది ఖాతాలో వేయుదు, రేపు సరుకు తీసికొమ్మనును. ఆ రేపటికి సరుకు ధర పెరుగును. చిల్లర దాచుకొనగలిగినవానికి చిల్లర కరవు అసౌకర్యము. దాచుకొనుటకు ఏమియు లేనివానికి అది జీతపుకోత.

నాణెముమీది భయము 1942 ద్వితీయార్ధమున ధాన్యముమీదికి మరలెను. నోట్లు విరివియగుచుండెను గనుక మరలుటలో వింత లేదు. యుద్ధారంభమున సుమారు 180 కోట్ల రూపాయల నోట్లు చెలామణిలో ఉండగా, యుద్ధము ముగియునాటికి అవి 1,100 కోట్లు దాటెను. బ్రిటను తన యుద్ధవ్యయమునకు ఇక్కడ సరుకు కొని, లండనులో స్టెర్లింగు పద్దు వ్రాసికొనుచు, ఇక్కడ నోట్లు వేయించినందున జరిగిన పని ఇది. నోటు విలువ కరగుచున్నదని తెలిసిన ధనికుడు నోటును వదలించుకొని వస్తువును పట్టుకొనును. 1940లో రైతు వెండిని పట్టుకొన్నట్లే 1942లో వ్యాపారి బియ్యమును పట్టుకొనెను. అయితే వెండిని ఎవరును తినరు. ఒకని వెండి మరియొకని ప్రాణము కాదు.

వంగదేశమున ఈ భేదము ప్రాణములతో తేలినది. బర్మా బియ్యము ఆగిపోయెను. శత్రువునకు దక్కరాదని తీరపు జిల్లాలలోని పెద్ద పడవలను, బియ్యపు నిలువలను ప్రభుత్వము తొలగించెను. అక్టోబరు 16న మేదినీపురపు తీరమును తుపాను ముంచెను. కలకత్తాలో యుద్ధపు పరిశ్రమలు, వర్తక సంఘమువారు తమ పనివారికొరకు బియ్యము ముందుగా కొని నిలువ చేసిరి. దీనికి ప్రభుత్వపు తోడ్పాటు ఉండెను. డిసెంబరు 20న నగరముమీద బాంబులు పడినవి. ధాన్యపు దుకాణములు మూతపడినవి. వారము తిరుగకుండ ప్రభుత్వము వర్తకుల నిలువలను పట్టుకొనెను. ఆనాడు కలకత్తాలో మణుగు బియ్యము 13, 14 రూపాయలు. 1943 మే నాటికి 30 రూపాయలు దాటెను. నగరమున చవుకధర బియ్యపు కార్డు గలవాడు బ్రదికెను. పల్లెలోని వ్యవసాయ కూలి, జాలరి, పడవవాడు, వడ్లు దంచి బ్రదుకు విధవ — వీరి కూలి ధరతోపాటు పెరుగలేదు. అమర్త్య సేను 1981లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే లెక్కలతో నిరూపించెను: బియ్యము లేకపోవుటకంటె, బియ్యమును పొందు శక్తి ఈ వర్గములకు లేకపోవుట ముఖ్యము.

1943 జూనులో వంగ ప్రభుత్వము దాచిన ధాన్యమును వెలికితీయుటకు పల్లెపల్లెన సోదా జరిపించెను. ఈ సోదా రాష్ట్రమంతట జరిగినది. కలకత్తా, హౌరా నగరములలో మాత్రము జరుగలేదు. అక్కడ ఆగస్టుకు గాని మొదలుకాలేదు. పెద్ద నిలువలు ఉండదగిన చోటును విడిచి, ఇంటింటి గాదెలలో గిద్దెడు మానెడు వెదకిరి. పల్లెలలో దొరకినది తక్కువ. తెలిసినది మాత్రము ఒకటి కలదు: అక్కడ చాలినంత ధాన్యము లేదని. దాచినవాడు ద్రోహి యను మాటను మూడేండ్లుగా వల్లించిన ప్రభుత్వమునకు, ఏ దాపరికము దేశమునకు కీడో, ఏది ఒక తల్లి జాగ్రత్తయో వేరు చేసి చూచు కన్ను మూసికొనిపోయెను. ఇది నా అభిప్రాయము. రైతులు భయమువలన కొంచెము కొంచెము ఎక్కువ నిలువ పెట్టుకొనుటయు కరవునకు తోడ్పడెనని 1945 నాటి విచారణ సంఘమువారు వ్రాసిరి. అది అబద్ధము కాదు. కాని పోయినది రైతు గాదెలోని గింజకొరకు ఎదురుచూచినవాడు మాత్రమే కాదు. నిలువ పెట్టుకొనుటకు గాదెయే లేనివాడు. విచారణ సంఘము పదునైదు లక్షల మరణములని అంచనా వేసెను. తరువాతివారు ముప్పది లక్షలకు దగ్గరగా వేయుచున్నారు.

బొంబాయి నగరమున 1943 మే నెలలోనే రేషను పెట్టిరి. వారమునకు ఇంత అని కార్డుమీద వ్రాసి, అంతయు తప్పక ఇచ్చినందున అక్కడ బియ్యపు దుకాణములను కొల్లగొట్టవలసిన తొందర జనమునకు తగ్గెను. కలకత్తాకు రేషను 1944 జనవరి 31న వచ్చినది. అప్పటికి వీధులలోని శవములను ఎత్తివేసియుండిరి.

వెండి కథ మరికొంత కలదు. యుద్ధపు చివరి యేండ్లలో అమెరికా మరల వెండి పంపెను. ఈసారి అమ్మలేదు, ఎరువిచ్చెను. ఆ 22 కోట్ల ఔన్సుల పైచిలుకు వెండిలో కొంత నాణెములకు, కొంత బజారు ధరను అదుపులో పెట్టుటకు పోయినది. 1946 జనవరి 12న ప్రభుత్వము 500, 1,000, 10,000 రూపాయల నోట్లను చెల్లవని ప్రకటించెను. నల్లబజారు ధనమును పట్టుకొందుమనిరి. సుమారు 144 కోట్ల రూపాయల నోట్లలో 135 కోట్ల మేరకు తిరిగివచ్చి మారిపోయినవి. డెబ్బదియేండ్ల తరువాత, 2016 నవంబరు 8 రాత్రి, చెలామణిలోని నోట్ల విలువలో 86 పాళ్లు చెల్లనివైనప్పుడును నూటికి 99 పాళ్లకు మించి బ్యాంకులకు చేరెను. ఆ నవంబరులో బారులలో నిలిచిన ఇల్లాండ్రు కొందరు భర్తకు తెలియకుండ దాచిన సొమ్మును మొదటిసారి వెల్లడి చేయవలసివచ్చెను. 2020 మార్చిలో మహమ్మారి భయమున దేశమంతట ఇండ్లు మూసికొన్నప్పుడు, ఫోనుమీదనే డబ్బు చెల్లించు ఏర్పాటులు చేతిలో ఉండగనే, జనము నగదు తెచ్చుకొని ఇంట పెట్టుకొనిరి. ఆ యేడు నోట్ల చెలామణి మామూలుకంటె వేగముగా పెరిగినది.

అమెరికా అప్పు తీర్చుటకై యుద్ధకాలపు సగము వెండి రూపాయలను ప్రభుత్వము వెనుకకు తీసికొని, కలకత్తా ఆలీపూరులోని కర్మాగారమున కరగించి, వెండిని వేరుచేసి 1957లో సముద్రము దాటించెను. విక్టోరియా రూపాయలు మాత్రము అన్నియు దొరకలేదు. లంబాడీ స్త్రీల మెడలలో, పెట్టెల అడుగున పసుపుగుడ్డల మూటలలో అవి నేటికిని కలవు. ఎప్పుడైన ఇంటిలో అవసరము కలిగినప్పుడు ఒకటి కంసాలి దుకాణమునకు చేరును. అతడు రాణి బొమ్మను చూడడు; గీటురాయిమీద ఒక గీత గీచి, త్రాసులో వేయును. అరిగిపోయిన మేర తప్ప, తులము తులముగనే తూగును.